చెరకు పిలిచిన తీరం: క్వాజులు-నటాల్ యాత్ర

ఆదివారం, డర్బన్ రేవు

దక్షిణాఫ్రికా తూర్పు తీరంలోని డర్బన్‌లో దిగినవాళ్ళు నేరుగా బీచ్‌కి పోతారు. జూలై అంటే అక్కడ చలికాలమే కానీ మనం స్వెట్టర్ వెతుక్కునేంత చలేమీ ఉండదు. నేను మాత్రం ముందు రేవు చూడాలనుకున్నాను. ఈ ఊరున్న రాష్ట్రం క్వాజులు-నటాల్, జనాభా కోటీ ఇరవై లక్షలు దాటింది. వాళ్ళలో జూలూలు ఎక్కువ, తర్వాత ఇండియన్లు, తెల్లవాళ్ళు. జూలూలు ఈ నేలవాళ్ళు. మిగిలిన రెండు వర్గాల్లో చాలామంది పూర్వీకులు ఈ రేవులోనే దిగారు.

విల్సన్స్ వార్ఫ్ దగ్గర పడవెక్కితే హార్బర్ అంతా తిప్పి చూపిస్తారు. దక్షిణాన బ్లఫ్ అనే పొడవాటి కొండగట్టు, ఉత్తరాన పాయింట్ అనే ఇసుక కొమ్ము, రెండింటి మధ్య ఇరుకు దారి. ఒకప్పుడు ఆ దారికి అడ్డంగా ఇసుక మేట ఉండేది. పెద్ద ఓడలు లోపలికి రాలేక సముద్రంలోనే లంగరు వేసేవి. ప్రయాణికులను పేము బుట్టల్లో కూర్చోబెట్టి చిన్న పడవల్లోకి దించేవారు. దశాబ్దాల తరబడి ఇసుక తవ్వితే, 1904లో ఆర్మడేల్ కాజిల్ అనే పెద్ద మెయిల్ స్టీమర్ మొదటిసారి లోపలికి రాగలిగింది. సహారాకు దక్షిణాన కంటైనర్ల రద్దీ బాగా ఉండే రేవుల్లో ఇప్పుడు ఇది ముందు వరుసలో ఉంటుంది. 2022 ఏప్రిల్ వరదల్లో ఇక్కడి కంటైనర్లు హైవే మీదకి కొట్టుకొచ్చాయి. ఆ వరదల్లో ఈ ప్రాంతంలో నాలుగు వందల మందికి పైగా చనిపోయారు.

1497 క్రిస్మస్ వేళకు వాస్కో డ గామా ఓడలు ఈ తీరం పక్కగా వెళ్ళాయి. పోర్చుగీసులో నటాల్ అంటే క్రిస్మస్, ఈ పేరు అప్పటిదే. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళకు పైగా యూరప్ వాళ్ళు ఇక్కడ కాపురం పెట్టింది లేదు. 1824లో కొద్దిమంది ఇంగ్లీషు వ్యాపారులు ఏనుగు దంతాల కోసం వచ్చారు. వాళ్ళు ఇక్కడ ఉండగలిగారంటే జూలూ రాజు షాకా ఒప్పుకున్నాడు కాబట్టే. 1835లో కేప్ గవర్నర్ బెంజమిన్ డర్బన్ పేరు ఊరికి పెట్టారు. తర్వాత ఎద్దుబండ్ల మీద బోయర్లు (డచ్ సంతతి తెల్ల రైతులు) దిగొచ్చి నటాలియా రిపబ్లిక్ అన్నారు, అది నాలుగేళ్ళు నిలిచింది. 1843లో బ్రిటిష్ వాళ్ళు కలిపేసుకున్నారు.

మేడన్ వార్ఫ్ పక్కగా పడవ వెళ్తుంటే గుట్టల్లా మూడు గోదాములు కనిపించాయి. షుగర్ టెర్మినల్. మూడూ కలిపి ఐదు లక్షల టన్నులకు పైగా పంచదార పడుతుందట. నా యాత్రకు అసలు మూలం ఆ పంచదారే. 1850ల నుంచి ఇక్కడి తెల్ల భూస్వాములు చెరకు వేశారు. పంట పండింది, కోసేవాళ్ళు లేరు. జూలూలకు తమ పొలం ఉంది, పశువులున్నాయి. నెలజీతానికి ఒకరి చేలో చెరకు కొట్టాల్సిన ఖర్మ వాళ్ళకి లేదు. భూస్వాములు దానికి సోమరితనం అని పేరు పెట్టారు. తమకు పని చేయనివాడల్లా సోమరే అనుకోవడం దొరతనానికి మామూలే కదా. ఆ కొరత తీర్చడానికి మద్రాసు, కలకత్తాల నుంచి కూలీలను ఓడల్లో తెప్పించారు.

పడవ నడిపే కుర్రాడు జూలూ. ఈ రేవు గొప్పల్లో వాడు మొదట చెప్పింది క్రేన్ల గురించి కాదు. 2008లో జింబాబ్వేకి ఆయుధాలు మోసుకొచ్చిన ఆన్ యూ జియాంగ్ అనే చైనా ఓడను దించడానికి ఇక్కడి డాక్ కార్మికులు ఒప్పుకోని సంగతి. "మా మామ అప్పుడు డ్యూటీలో ఉన్నాడు" అని రెండుసార్లు చెప్పాడు.

సోమవారం, పాత ఇండియన్ బజారు

డెర్బీ స్ట్రీట్‌లో 1860 హెరిటేజ్ సెంటర్ ఉంది. చిన్న మ్యూజియమే, కానీ మధ్యాహ్నం దాకా బయటికి రాలేకపోయాను.

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో ఈ రేవుకి చేరింది. పది రోజులకే కలకత్తా నుంచి బెల్వెడేర్ వచ్చింది. 1911లో ఈ పద్ధతి ఆగేసరికి వచ్చినవాళ్ళు మొత్తం 1,52,184 మంది. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళలో తమిళులతో పాటు చిత్తూరు, ఉత్తర ఆర్కాట్, విశాఖపట్నం వైపు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఉత్తరాంధ్ర వలస అనగానే మనకి రంగూన్ గుర్తొస్తుంది, నటాల్ ఎవరికీ గుర్తు రాదు.

ఓడల చిట్టాలు చూడండి. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ లేదా మచ్చ. గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. ఇప్పటికీ ఇక్కడివాళ్ళు తమ ఊరు ఏదో కనుక్కోవాలంటే ఈ చిట్టాలే పట్టుకోవాలి. ఐదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏటా ఒక షిల్లింగు పెంపు. పైన బియ్యం, పప్పు. అనుమతి లేకుండా ఎస్టేటు దాటితే నేరం. గడువు తీరాక ఉండిపోతారేమో అన్న భయంతో 1895లో చట్టం చేసి, కొత్తగా వచ్చేవాళ్ళలో మళ్ళీ ఒప్పందానికి ఒప్పుకోకుండా ఇక్కడే ఉండేవాళ్ళకు ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేశారు. నెలకు పది షిల్లింగులంటే ఏడాదికి ఆరు పౌండ్లు. అందులో సగం పన్నుకే.

కూలీల వెనకే సొంత టికెట్టు కొనుక్కుని గుజరాతీ వ్యాపారులు వచ్చారు. ఒకప్పుడు గ్రే స్ట్రీట్ అని పిలిచిన వీధి (ఇప్పుడు డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్) వాళ్ళ కొట్లతోనే పెరిగింది. అక్కడి జుమ్మా మసీదు చోటు 1881 నుంచీ మసీదుదే. బంగారు రంగు గుమ్మటాలు, కింద షాపులు. పక్కనే విక్టోరియా స్ట్రీట్ మార్కెట్, మసాలా పొడుల గుట్టలు. ఒక పొడి డబ్బా మీద 'అత్తగారిని చంపేది' అని రాసి ఉంది. అడిగితే కారం ఎక్కువని అర్థమట.

మధ్యాహ్నం బన్నీ చౌ తిన్నాను. రొట్టె దిమ్మను పావో సగమో కోసి, లోపలి మెత్తదనం తీసి, ఆ గుంటలో కూర పోసి ఇస్తారు. తీసిన ముక్కతోనే కూర అద్దుకుని చేత్తో తినాలి. ఎవరు కనిపెట్టారనే దానికి ఇక్కడ మనిషికో కథ. మటన్‌దే అసలైనదని అందరూ అన్నారు. చిక్కుడు గింజలదే రుచిగా ఉందని నా అభిప్రాయం.

వార్విక్ జంక్షన్‌లో సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్ మీద జూలూ మూలికల బజారు నడుస్తోంది. వేర్లు, బెరడ్లు, ఎండిన జంతువుల చర్మాలు. ఫొటో తీయబోతే ఒక ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఫోను జేబులో పెట్టేశాను.

సాయంత్రం క్వాముహ్లే మ్యూజియం. జూలూలు నగరంలో పని చేయాలంటే అనుమతి పత్రం కోసం వరుస కట్టిన ఆఫీసు ఒకప్పుడు ఇదే. 1908 చట్టంతో జొన్న బీరు కాచి అమ్మే హక్కు మునిసిపాలిటీకే దక్కింది. ఇళ్ళలో కాచే ఆడవాళ్ళ మీద దాడులు, మగవాళ్ళకు మునిసిపల్ బీరు హాళ్ళు. ఆ లాభంతోనే నల్లవాళ్ళ హాస్టళ్ళు, వాళ్ళ మీద నిఘా ఉంచే సిబ్బంది జీతాలు. తాగేవాడి డబ్బుతో తాగేవాడికే కాపలా. ఈ పద్ధతికి డర్బన్ సిస్టమ్ అని పేరొచ్చి ఇతర ఊళ్ళకూ పాకింది.

మంగళవారం, కేటో మేనర్, చాట్స్‌వర్త్

ఒప్పందం తీరిన ఇండియన్ కుటుంబాలు కేటో మేనర్ వాలుల్లో కూరగాయలు పండించుకున్నాయి. 1930, 40ల్లో పనికోసం నగరానికొచ్చిన జూలూలు వాళ్ళ దగ్గరే స్థలం అద్దెకు తీసుకుని గుడిసెలు వేసుకున్నారు. అద్దె ఇచ్చేవాడు ఇండియన్, కొట్టువాడు ఇండియన్, బస్సు యజమానీ ఇండియనే. ఊళ్ళో నిజమైన పెత్తనం తెల్లవాళ్ళదే అయినా, రోజూ ఎదురుపడే పెత్తనం వీళ్ళది. 1949 జనవరిలో బజారులో ఒక నల్లజాతి కుర్రాడిని ఇండియన్ కొట్టువాడు కొట్టాడన్న వార్తతో అంటుకుని అల్లర్లు చెలరేగాయి. సర్కారు లెక్క ప్రకారం 142 మంది చనిపోయారు.

తర్వాతి ఏడాదే గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. జాతికొక పేట. కేటో మేనర్‌ని ఖాళీ చేయించి జూలూలను క్వామాషుకి, ఇండియన్లను చాట్స్‌వర్త్‌కి తరలించారు. 1959లో బీరు హాళ్ళను ముట్టడించిన జూలూ ఆడవాళ్ళు ఇక్కడివాళ్ళే. ఇళ్ళు పోయినా గుళ్ళు కొన్ని మిగిలాయి. చుట్టూ జనం లేని కొండవాలు మీద దశాబ్దాలు అలాగే నిలబడ్డాయట. ఎక్కడెక్కడి పేటల నుంచో బస్సులెక్కి భక్తులు పండగలకు వచ్చేవారు.

చాట్స్‌వర్త్ కొండల మీద వరుస ఇళ్ళ ఊరు. దానికి అవతల జూలూల ఉమ్లాజి. మ్యాప్ చూస్తే సంగతి తెలిసిపోతుంది: తెల్లవాళ్ళ పేటలకూ ఉమ్లాజికీ మధ్య ఇండియన్లను అడ్డుగోడలా పెట్టారు.

ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాను, ఎనభైకి దగ్గర వయసు. నన్ను 'సన్' అని పిలిచింది, నేను ఆంటీ అన్నాను. ఆమె మాటంతా ఇంగ్లీషే. వాళ్ళ అవ్వ, తాత చెరకు ఎస్టేటులో పుట్టారు. అవ్వ నేర్పిన రామ భజన మాత్రం ఒక్క తప్పు లేకుండా తెలుగులో పాడింది. "అర్థం తెలుసా ఆంటీ?" అన్నాను. "అవ్వకి తెలుసు, నాకు రాగం తెలుసు" అంది. ఆమె మనవరాలు తెలుగు అక్షరాలు నేర్చుకుంటోంది. 1931లో మొదలైన దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఇప్పటికీ పాటలు, పద్యాల పోటీలు పెడుతుంది. ఆ దేశ రాజ్యాంగం ప్రోత్సహించి గౌరవించాలన్న భాషల జాబితాలో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగూ ఉంది. చట్టం ఉంది, ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. అమెరికాలోని మన పిల్లలను చూస్తూ నూట అరవై ఏళ్ళ తర్వాతివాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

బుధవారం, ఇనాండా

డర్బన్‌కు ఉత్తరాన ఇనాండా లోయలో ఒకదానికొకటి నడిచి పోయేంత దూరంలో మూడు చోట్లు. ఇకనుంచి యాత్ర అంతా నాతో ఒక జూలూ డ్రైవరు ఉన్నాడు. 'మై బ్రదర్' అన్నాడు, నేనూ బ్రదర్ అనే పిలిచాను.

మొదటిది ఫీనిక్స్ ఆశ్రమం. గాంధీ 1904లో పెట్టాడు, ఇండియన్ ఒపీనియన్ పత్రిక ఇక్కడే అచ్చయ్యేది. 1985 అల్లర్లలో కాలిపోయిన ఇంటిని మళ్ళీ కట్టారు. రెండోది ఓహ్లాంగే. జాన్ లంగాలిబాలేలే దూబే కొత్త శతాబ్దం మొదట్లో పెట్టిన బడి. నల్లవాళ్ళు తమకోసం తామే కట్టుకున్న చదువుల చోటు. 1903లో జూలూ పత్రిక ఇలాంగా మొదలుపెట్టిందీ, 1912లో ఇప్పటి ఏఎన్‌సీకి (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) మొదటి అధ్యక్షుడైందీ ఆయనే. 1994 ఏప్రిల్ 27న మండేలా తన జీవితంలో మొదటి ఓటు ఈ బడిలోనే వేశాడు. వేశాక దూబే సమాధి దగ్గరికి వెళ్ళి, దేశానికి స్వేచ్ఛ వచ్చిందని విన్నవించుకున్నాడు. మూడోది ఎకుఫకమేని, ప్రవక్త ఐజాయా షెంబే స్థాపించిన నాజరెత్ బాప్టిస్ట్ చర్చి ఊరు. తెల్లని వస్త్రాలతో, చెప్పులు లేకుండా ప్రార్థనకు వెళ్తున్న జనం.

గాంధీ, దూబే ఇంత దగ్గరగా ఉండి కలిసి ఉద్యమం ఎందుకు చేయలేదు? మనం చదువుకున్న పాఠాల్లో ఈ ప్రశ్నే లేదు. తొలి రోజుల్లో గాంధీ నల్లవాళ్ళ గురించి రాసిన మాటలు కొన్ని చదివితే తల దించుకోవాల్సిందే. 1906లో తలపన్నుకు ఎదురు తిరిగిన జూలూ నాయకుడు బంబథా తిరుగుబాటును సర్కారు అణిచినప్పుడు ఆయన బ్రిటిష్ సైన్యం వెంట స్ట్రెచర్లు మోసే దళాన్ని తీసుకెళ్ళాడు. కానీ అక్కడ తెల్లవాళ్ళు ముట్టని జూలూ క్షతగాత్రులకు కట్లు కట్టింది కూడా ఆ దళమే. ఆ రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచేవాళ్ళు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు.

తిరిగి వస్తుంటే ఫీనిక్స్ టౌన్‌షిప్. 2021 జూలై అల్లర్లలో ఇక్కడ 36 మంది చనిపోయారు, ఎక్కువమంది నల్లవాళ్ళు. దోపిడీల భయంతో ఇండియన్లు వీధుల్లో అడ్డంకులు పెట్టి కాపలా కాసిన రోజులవి. డ్రైవరు కారు ఆపలేదు. "ఇక్కడ నాకు స్నేహితులున్నారు. ఆ వారం వాళ్ళకి ఫోన్ చేయలేదు, వాళ్ళూ చేయలేదు" అన్నాడు.

గురువారం, ఉత్తర తీరం

చెరకు కోతల కాలం. కోసే ముందు ఆకు కాల్చేస్తారు. దూరంగా మంట, అద్దం మీద నల్లటి నుసి. మౌంట్ ఎడ్జ్‌కూంబ్ ఇప్పుడు గోల్ఫ్ మైదానాల పేట. పాత ఎస్టేటు మధ్య వినాయకుడి గుడి మాత్రం ఉంది. 19వ శతాబ్దం చివర దాన్ని కట్టిన శిల్పి పేరు కిష్టప్ప రెడ్డి. తెలుగు పేరు చూసి కాసేపు గుడి మెట్ల మీదే కూర్చున్నాను. 1913 నవంబరులో మూడు పౌండ్ల పన్నుకు వ్యతిరేకంగా ఈ తీరమంతా కూలీలు కొడవళ్ళు కింద పెట్టారు. న్యూకాజిల్ బొగ్గు గనుల్లో మొదలైన సమ్మె ఇది. ఈ ఎస్టేటులోనూ పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. మరుసటి ఏడాది పన్ను రద్దయింది.

క్వాడుకుజాలో షాకా స్మారకం. 1828 సెప్టెంబరులో సవతి తమ్ముళ్ళు ఆయన్ని చంపింది తన ఈ రాజధానిలోనే. తెల్లవాళ్ళు తర్వాత దీని మీద స్టాంగర్ అనే ఊరు కట్టారు, అందులో బజారంతా ఇండియన్లది. దగ్గర్లోనే గ్రౌట్‌విల్. 1960 నోబెల్ శాంతి బహుమతి వచ్చిన ఏఎన్‌సీ నాయకుడు ఆల్బర్ట్ లుథూలీ ఊరు. ఊరు దాటకూడదని సర్కారు ఆంక్ష పెడితే చెరకు పండించుకుంటూ ఉన్నాడు. 1967లో రైలు ఢీకొని చనిపోయాడని అప్పటి విచారణ తేల్చింది. ఆయన కుటుంబం ఆ మాటను నమ్మలేదు.

శుక్రవారం, రిచర్డ్స్ బే

రాసేది తక్కువ. 1976లో బొగ్గు కోసమే తెరిచిన రేవు. రెండు వందల వ్యాగన్ల రైళ్ళు లోపలి గనుల నుంచి వచ్చి ఖాళీ అవుతుంటాయి. ఒకప్పటి మడుగుకు మధ్యలో కట్ట వేసి సగం రేవు చేశారు, సగం మొసళ్ళకూ నీటిగుర్రాలకూ వదిలారు. ఇక్కడి బొగ్గు కొనే దేశాల్లో ఇండియా ముందు వరుసలో ఉంటుంది. ఊరు చూడ్డానికి ఏమీ లేదు, చేపల వేపుడు బాగుంది.

శనివారం, ఇసాండ్ల్వానా

తీరం వదిలి లోపలికి వెళ్ళేకొద్దీ చెరకు పోయి గడ్డి కొండలు వచ్చాయి. చలి పెరిగింది. పడుకున్న మృగంలాంటి రాతి కొండ, దాని కింద మైదానమంతా తెల్ల సున్నం వేసిన రాళ్ళ కుప్పలు. కుప్పల కింద బ్రిటిష్ సైనికులు. 1879 జనవరి 22న దాదాపు ఇరవై వేల జూలూ సైన్యం ఈ శిబిరాన్ని చుట్టుముట్టి, బ్రిటిష్ పక్షాన 1,300 మందికి పైగా మట్టుబెట్టింది. చేతిలో ఎక్కువగా ఈటెలు, డాళ్ళు. ఆ పక్కనా వెయ్యి మందికి పైగా పోయారు. చనిపోయిన జూలూల గుర్తుగా వీరుల కంఠహారం ఆకారంలో కంచు స్మారకం పెట్టింది మాత్రం 1999లో. నూట ఇరవై ఏళ్ళు ఆలస్యం.

ఎందుకొచ్చిందీ యుద్ధం? రాజు సెట్ష్వాయో ఎవరి మీదికీ వెళ్ళలేదు. సైన్యాన్ని రద్దు చెయ్యి అని అల్టిమేటమ్ ఇచ్చి బ్రిటిష్ వాళ్ళే నది దాటారు. తన పొలం, తన పశువులు, తన రాజు ఉన్నంతకాలం జూలూ కూలికి రాడు అన్నది వలస పాలకులకు బాగా తెలుసు. జూలై 4న ఉలుండిలో రాజధాని కాలింది. 1887లో రాజ్యం కలిపేసుకున్నారు, 1897లో నటాల్‌లో చేర్చారు. ఆ తర్వాత తుగేలా నది అవతల మంచి భూములు తెల్ల చెరకు రైతులకు తెరిచారు. గుడిసె పన్ను, తలపన్ను కట్టడానికి జూలూ యువకులు గనులకూ డర్బన్ డాక్‌కూ నడిచారు. ట్రూరో ఎక్కించిందీ, ఈ మైదానంలో ఫిరంగులు దించిందీ ఒకే అవసరం అని నాకిక్కడ నిలబడితేనే అర్థమైంది.

డ్రైవరు కొండకేసి చూస్తూ తన వంశం పేర్లు వరుసగా చెప్పాడు. ముత్తాత ముత్తాత ఇక్కడ పోరాడాడట. నేను మా తాత తండ్రి పేరు దగ్గరే ఆగిపోయాను.

ఆదివారం, పీటర్‌మారిట్స్‌బర్గ్

డండీలో రాత్రి పడుకుని మధ్యాహ్నానికి రాష్ట్ర రాజధానికి చేరాం. 1893 జూన్ 7 రాత్రి గాంధీని ఫస్ట్ క్లాస్ పెట్టెలోంచి దించేసిన స్టేషన్ ఇదే. ఎర్ర ఇటుకల భవనం, వరండాకి ఇనప లతలు. గాంధీ గురించి ఫలకం, వెయిటింగ్ రూమ్. చర్చి స్ట్రీట్‌లో ఉన్న గాంధీ విగ్రహాన్ని 1993లో డెస్మండ్ టుటు ఆవిష్కరించాడు.

నేను ఫలకం చదువుతుంటే డ్రైవరు పక్కన నిలబడి చదివాడు. "ఆయన్ని దింపేశారు. మా తాతకి ఆ పెట్టె టికెట్టే అమ్మేవారు కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. ఇద్దరం టీ తాగుతూ అక్కడే చాలాసేపు వాదించుకున్నాం. గాంధీ మారాడని నేను, మారాక కూడా మావాళ్ళను పిలవలేదని అతను. 1947లో నటాల్ ఇండియన్ కాంగ్రెస్ నాయకుడు మాంటీ నాయికర్, ట్రాన్స్‌వాల్ ఇండియన్ కాంగ్రెస్ నాయకుడు యూసుఫ్ దాదూ, అప్పటి ఏఎన్‌సీ అధ్యక్షుడు ఎ.బి. జూమా కలిసి ఒప్పందం చేసుకున్న సంగతి చెప్పాను. అది తనకూ తెలుసన్నాడు, వాళ్ళు డాక్టర్లు కాబట్టి రోగం త్వరగా తెలిసిందని నవ్వాడు. డర్బన్ వైపు ఎన్-3 రోడ్డు నిండా కంటైనర్ లారీలు. ఎయిర్‌పోర్టుకి ఇంకా టైముందని అతను కుడివైపు పాత రోడ్డులోకి తిప్పి, తన అక్క ఇంటి దగ్గర ఆపాడు. ఆమె మొక్కజొన్న జావ, చిక్కుళ్ళు పెట్టింది. చిక్కుళ్ళ కూరలో కరివేపాకు ఉంది.